షయాన్ టేకాఫ్: ఈదురుగాలి చెప్పే లెక్క

అందరికీ నమస్కారం. కొత్తగా ఫ్లయింగ్ నేర్చుకునేవాళ్ళకి ల్యాండింగ్ అంటే గుండె దడ. టేకాఫ్ అంటే మాత్రం ఎంత ధీమానో! ఫుల్ పవర్ ఉంది, గాలి ఎదురుగా ఉంది, ఇంకేం కావాలి అనుకుంటాం. ఆ ధీమా కోసమే ఇవాళ ఒక్క టేకాఫ్ గురించే చెబుతాను.

1996 ఏప్రిల్ 11 ఉదయం. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో షయాన్ విమానాశ్రయం. ఏడేళ్ళ జెస్సికా డుబ్రాఫ్ దేశం ఈ కొస నుంచి ఆ కొసకి విమానం నడిపి రికార్డు కొట్టాలని ముందురోజే కాలిఫోర్నియాలో బయల్దేరింది. విమానం సెస్నా 177బి. లోపల పాప, తండ్రి, శిక్షకుడు. ఉరుముల మబ్బు రన్‌వే మీదికి వచ్చేస్తోంది. గాలి వేగం 20 నాట్లు (ఒక నాటు అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు), మధ్యమధ్య ఒక్కసారిగా వచ్చే విసురు 30. అంతకుముందే ఎగిరిన మరో చిన్న విమానం నుంచి, వేగం 15 నాట్లు ఎగిరిపడుతోందని కబురు కూడా వచ్చింది. అయినా బయల్దేరారు. పైకి లేచిన కాసేపటికే విమానం స్టాలై, అంటే వేగం చాలక రెక్కలు మోయలేకపోయి, ఇళ్ళ మధ్య కూలింది. ముగ్గురూ పోయారు.

ఇక్కడ లెక్క చూడండి. మీరు 65 నాట్ల ఎయిర్‌స్పీడ్‌తో, అంటే గాలితో పోల్చిన వేగంతో, ఎక్కుతున్నారు. అందులో 10 నాట్లు విసురు పెట్టిన భిక్షే. విసురు ఆగిన క్షణంలో విమానం బరువు వల్ల వెంటనే వేగం పుంజుకోలేదు. రెక్కల మీద మిగిలేది 55. స్టాల్ అక్కడికి దగ్గరే. పైగా టర్న్‌లో ఉంటే స్టాల్ వేగమే పెరుగుతుంది. ఆ సెస్నా పరిమితికి మించి సుమారు 44 కిలోల బరువుతో ఉంది. షయాన్ ఎత్తు సముద్రమట్టానికి 6,100 అడుగుల పైమాటే. మన బేగంపేట 1,700 చిల్లర. అంత పలచని గాలిలో మామూలు ఇంజన్ శక్తిలో దాదాపు అయిదో వంతు పోతుంది.

అసలు ఉచ్చు కంటి దగ్గరుంది. ఎదురుగాలిలో లేచి కుడికి, తూర్పు వైపు తిరిగారు. అప్పటిదాకా ముఖాన కొట్టిన గాలి వీపున పడింది. 25 నాట్ల గాలి అనుకుంటే, 70 ఎయిర్‌స్పీడ్‌కి నేల మీద వేగం 45 నుంచి 95కి చేరుతుంది. కిందికి చూస్తే ఇళ్ళు పరుగులు తీస్తాయి. వేగం చాలా ఉందనిపించి చెయ్యి తెలియకుండానే ముక్కు పైకి లాగుతుంది, ఉన్న ఎయిర్‌స్పీడూ తగ్గిపోతుంది. అద్దం మీద వాన, ముందు ఏమీ కనపడదు. ఎయిర్‌స్పీడ్ మీటరు ఒక్కటే నిజం చెబుతుంది.

పత్రికలన్నీ పాప వయసు మీదే పడ్డాయి. ఆ ఏడాదే పిల్లలు రికార్డు కోసం విమానం నడపకుండా చట్టమూ వచ్చింది. మంచిదే. కానీ దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది వేరు: కూలేటప్పుడు కంట్రోల్స్ శిక్షకుడి చేతుల్లోనే ఉన్నాయి. అనుభవం ఉన్న మనిషే. ముందే ఒప్పుకున్న టీవీ కార్యక్రమాల తొందర కూడా కారణాల్లో చేరింది. నాకైతే గాలి కన్నా ఆ తొందరే ఎక్కువ భయం.

మీరు రేపు చెయ్యగలిగింది ఇది. విసురు ఉన్నప్పుడు మామూలు కన్నా కొంచెం ఎక్కువ వేగం వచ్చాకే నేల వదలండి. పక్కగాలి ఉంటే ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి వంచే రెక్క చివరి పలక) గాలి వచ్చే వైపుకే తిప్పండి. ఎత్తు చేతికొచ్చేదాకా తొందరపడి టర్న్ తీసుకోకండి. ఉరుముల మబ్బు దగ్గరుంటే మాత్రం ఈ మెళకువలేవీ పనికిరావు. విమానం కట్టేసి క్యాంటీన్‌కి రండి.