చింతగింజలతో రసాయన బంధాలు: ఉప్పు, నీళ్లు

నమస్తే పిల్లలూ. పరమాణువులు ఒకదాన్నొకటి ఎట్లా పట్టుకుంటాయో ఈరోజు చేసి చూద్దాం. చెనిగ్గింజలు (వేరుశనగ గింజలు) 11, చింతగింజలు 20, ఒక సుద్దముక్క. చిత్తూరు వైపు ఇవి ఏ ఇంట్లో అయినా దొరుకుతాయి. చెనిగ్గింజ ప్రోటాన్, అంటే పరమాణువు మధ్యలో ఉండే ప్లస్ రేణువు. చింతగింజ ఎలక్ట్రాన్, అంటే చుట్టూ ఉండే మైనస్ రేణువు.

ముందు సోడియం. నేల మీద మూడు వలయాలు, ఒకదాని చుట్టూ ఒకటి, గీసేయండి. మధ్యలో చెనిగ్గింజలు 11. వలయాల మీద చింతగింజలు 2, 8, 1. అయిపోయింది. పక్కన క్లోరిన్, 2, 8, 7. లోపలివి వదిలేద్దాం, బయటి 7 పెట్టండి చాలు. బయటి కక్ష్యలో, అంటే బయటి వలయంలో, 8 ఉంటే కుదురు. సోడియం ఆ ఒక్కటీ ఇచ్చేస్తే లోపలి 8 బయటిదవుతుంది. జరపండి. ఇదిగో, క్లోరిన్‌కీ 8.

ఆగండి, ఇక్కడే తప్పు రాస్తారు. సోడియం ఒకటి పోగొట్టుకుంది కాబట్టి మైనస్ అని. కాదు. దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఒక్కో చెనిగ్గింజకు ఒక్కో చింతగింజను జత చేయండి. ఒకటి, రెండు, మూడు... పది. ఒక చెనిగ్గింజకు జత లేదు, చూశారా? ప్రోటాన్ అంటే ప్లస్. మిగిలింది ఆ ప్లస్సే. పోయింది మైనస్ గింజ, అందుకే ప్లస్ బయటపడింది. క్లోరిన్‌లో 17 ప్రోటాన్లకి 18 ఎలక్ట్రాన్లు, ఒక మైనస్ ఎక్కువ. ప్లస్, మైనస్ లాక్కుంటాయి. ఇట్లా ప్లస్సో మైనస్సో అయిన పరమాణువును అయాన్ అంటారు, మైనస్ అయిన క్లోరిన్ పేరు క్లోరైడ్. అదే అయానిక బంధం, అయాన్ల పట్టు. కల్లుప్పు పలుకులో ఒక్కో సోడియం చుట్టూ 6 క్లోరైడ్ అయాన్లు ఉంటాయి. అంత గట్టి పట్టు కాబట్టే వేడికి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి.

ఇంగ నీళ్లు. ఆక్సిజన్ బయట 6, ఒక్కో హైడ్రోజన్‌కి 1. హైడ్రోజన్ గింజలు రెంటినీ బండ మీద ఒకవైపు తెల్లగా అరగదీయండి, పాచికలకు చేసినట్టే. పుస్తకంలో చుక్కలు, ఇంటూలు వేస్తారు కానీ నాకు ఇదే నచ్చుతుంది, ఏది ఎవరిదో చూడగానే తెలుస్తుంది. ఇక్కడ ఇచ్చేయడం లేదు. వలయాలు కలిసేచోట నల్లది ఒకటి, తెల్లది ఒకటి, జతగా పెట్టండి. ఆ జత ఇద్దరి లెక్కలోనూ వస్తుంది. ఆక్సిజన్‌కి సొంతం 4, జతలు 2, 2, మొత్తం 8. హైడ్రోజన్‌కి 2 చాలు, దాని కక్ష్యలో పట్టేదే అంత. ఇది సమయోజనీయ బంధం.

ఇప్పుడు నైట్రోజన్ మీరు చేయండి. రెండు పరమాణువులు, బయట ఐదేసి గింజలు. మధ్యలోకి 6 వస్తే సరి. 4 దగ్గర ఆపేశారా, అయితే లెక్కపెట్టి చూడండి, ఒక్కోదానికి 7 మాత్రమే వచ్చుంటాయి. ఇంకో జత జరపాలి.