ఎస్‌యూవీకి లావుపాటి వెనక బార్, కొత్త షాకులు: మలుపుల్లో తేడా ఎంత?

నమస్కారం. ఎత్తుగా ఉంటుందనే చాలామంది ఎస్‌యూవీ కొంటారు. మలుపులో అది పక్కకు ఒరిగేది కూడా ఆ ఎత్తు వల్లే. దాన్ని తగ్గించడానికి ఈ బండికి రెండు మార్పులు చేశాం. వెనక లావుపాటి యాంటీ రోల్ బార్ వేశాం, నాలుగు చక్రాలకూ మోనోట్యూబ్ షాక్ అబ్జార్బర్లు బిగించాం. షాక్ అంటే స్ప్రింగు ఊగడాన్ని అదుపు చేసే భాగం, మోనోట్యూబ్‌లో నూనె, గ్యాస్ రెండూ ఒకే గొట్టంలో ఉంటాయి. స్ప్రింగులు మాత్రం కంపెనీవే.

మొదట బార్ సంగతి. కెమెరా కిందికి తెస్తున్నాను, చూడండి. అడ్డంగా ఉన్న ఈ ఉక్కు కడ్డీయే అది. బండి ఒరగబోతే కడ్డీ మెలితిరగాలి, అందుకు అది ఒప్పుకోదు. ఒరగడం తగ్గేది అలాగే. పాతది 25 మిల్లీమీటర్లు, ఇది 28. మూడు మిల్లీమీటర్లకే ఇంత హడావిడా అనుకోకండి. కడ్డీ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అంటే ఇది దాదాపు 57 శాతం ఎక్కువ గట్టిది.

ముందు బరువు ఎక్కువున్న బండి మలుపులో స్టీరింగ్ తిప్పినంత తిరగదు, బయటికే పోవాలని చూస్తుంది. వెనక బార్ గట్టిపడ్డాక ఆ మొండితనం బాగా తగ్గింది. నాకు ఇది ఎంతో నచ్చింది. అలాగని దొరికినంత లావు బార్ వేయకండి, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా పట్టు తప్పుతాయి. ఇంకో మాట. ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపు ఇప్పుడు రెండో వైపుకూ కాస్త ఎక్కువగానే చేరుతోంది. రాళ్ల దారుల్లోనే ఎక్కువగా తిరిగేవారికి ఈ బార్ వద్దంటాను, అక్కడ చక్రాలు దేనికది స్వేచ్ఛగా కిందికీ పైకీ కదలాలి.

ఇక షాకులు. షాకులు మారిస్తే ఒరగడం తగ్గుతుందని చాలామంది నమ్మకం. అవి నిర్ణయించేది బండి ఎంత వేగంగా ఒరగాలో మాత్రమే. పొడవాటి మలుపులో చివరికి ఎంత ఒరగాలో తేల్చేవి స్ప్రింగులూ బార్లూ. కానీ ఒక మలుపు నుంచి వెంటనే ఎదురు మలుపులోకి తిరిగినప్పుడు చూడండి, బండి ఊగిసలాడకుండా ఒక్కసారికే కుదురుకుంటోంది. మోనోట్యూబ్‌లో గ్యాస్‌కూ నూనెకూ మధ్య తేలే పిస్టన్ ఒకటి ఉంటుంది. అందువల్ల గతుకుల మీద చాలాసేపు నడిపినా నూనె సులభంగా నురగెత్తదు, షాకు పట్టు అంత త్వరగా సడలదు. చిన్న చిన్న గతుకులు మాత్రం మునుపటి కంటే బాగా తెలుస్తున్నాయి.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి ఇవి. బార్‌ను పట్టుకునే ఈ పాలీయురెథేన్ బుష్‌లకు, అంటే లోహం లోహానికి తగలకుండా మధ్యలో ఉండే మెత్తలకు, లోపల సిలికాన్ గ్రీజు పూయాలి, లేకపోతే కిర్రుమంటాయి. రబ్బరు బుష్‌లున్న బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది. ముందు చక్రాల స్ట్రట్లు, అంటే షాకూ స్ప్రింగూ కలిసి ఉండే భాగాలు, విప్పితే చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ తప్పనిసరి.

రెండింటికీ ఒకేసారి డబ్బు పెట్టలేకపోతే, పాత షాకుల నుంచి నూనె కారుతోందేమో ముందు చూడండి. కారుతుంటే షాకులే మార్చండి. అవి బాగుంటే బార్‌తో మొదలుపెట్టండి.