కర్రలకి ఓకే, చాపకే ఒళ్ళు మండింది

నమస్కారమండి. ముందే చెప్పేస్తున్నా, ఈ గోల్ఫ్ ప్రాక్టీసు సెట్టు కంపెనీవాళ్ళు ఊరికే పంపారు. గురి సరిచూసుకోడానికి నేలమీద పరిచే రెండు ఫైబర్ కర్రలు, బంతి ఎక్కడ పెట్టాలో చుక్కలు వేసిన చాప ఒకటి. కొలతలూ రంగులూ ఇక్కడ చదవను.

అమలాపురం పక్కన మా కొబ్బరితోటే నా ప్రాక్టీసు గ్రౌండు. ఓ చెట్టుకి గురిపెట్టి, ఏడాదిగా సెవెన్ ఐరన్‌తో (మధ్యరకం దూరాలకి వాడే క్లబ్బు) కొడితే బంతి కుడికే పోయేది. గ్రిప్పు మార్చా, గ్లవ్ మార్చా, ఒక స్వింగ్ ట్రైనర్ కొని అటకెక్కించా. ఓ రోజు పెదనాన్న వెనక నుంచుని, "చెట్టు అటుంటే నీ భుజాలిటున్నాయేంట్రా?" అన్నారు. ఆయనకి గోల్ఫ్ తెలీదు. తాడు కట్టి వరస నాట్లు వేయించిన కన్నది.

కర్రలు పరిచాక చూస్తే నిజమే. ఒకటి బంతికి అవతల, చెట్టు వైపు. రెండోది బొటనవేళ్ళ ముందు, దానికి సమాంతరంగా. రైలు పట్టాలన్నమాట. కుడిచేతివాటం వాళ్ళకి కాళ్ళ పట్టా చెట్టుకి కాస్త ఎడమగా పోవాలి. నేను ఎడమ భుజం మీంచి చెట్టు కనిపిస్తే చాలనుకునేవాణ్ణి, ఒళ్ళంతా కుడికి తిరిగిపోయేది. ఇప్పుడు అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ పద్ధతి: బంతికి కొన్ని అడుగుల ముందు ఓ గడ్డిపరక చూసుకుని, ముందు క్లబ్బు మొహం దానివైపు పెట్టి, ఆ తర్వాతే కాళ్ళు.

ఇక చాప. బంతి చుక్క సెవెన్ ఐరన్‌కి కాళ్ళ నడిమికన్నా కాస్త ఎడమకి, డ్రైవర్‌కి (బాగా దూరం కొట్టే పొడుగు క్లబ్బు) ఎడమ మడమ లోపలి అంచుకి, అంతవరకూ కరెక్టే. కానీ పాదాల ముద్రలు ఒకే వెడల్పులో అచ్చేశారు! డ్రైవర్‌కి కాళ్ళు ఎడంగా పెడితే మడమ చాప దాటింది, చుక్క కడుపు కిందకొచ్చింది. డ్రైవర్ పైకి లేస్తూ తగలాలి కదండి, నాకు దిగుతూ నెత్తిన తగిలింది. నాలుగు బంతులు బోదెపాలు. పైగా పొద్దుటి మంచుకి అంచులు ముడుచుకున్నాయి. చాప తీసేసి, ఎడమ మడమ కదపకుండా కుడికాలు మాత్రమే జరుపుతుంటే హాయిగా ఉంది.

ఒకటి గుర్తుంచుకోండి, పోటీలో షాట్‌కి ముందు గురి కోసం కర్ర పెట్టకూడదు, స్ట్రోకులు (కొట్టిన దెబ్బలు) లెక్కేసే పోటీలో రెండు స్ట్రోకుల పెనాల్టీ.

చాప కొనకండి. కర్రలు భేష్. రెండోది మాత్రం పెదనాన్న ఆనప పాదుకి ఊతం పెట్టేశారు. అడిగితే, "సరుగుడు కర్ర తెచ్చుకో, అదీ తిన్నగానే ఉంటుంది" అన్నారు. తెచ్చుకున్నా. తేడా ఏం తెలీలేదండి.