పుర్రెలో ప్రెషర్ ఎంతుంది?

అందరికీ నమస్కారం. ఆర్‌ఎంపీ అన్నలు, 108 తమ్ముళ్లు, ఆశా అక్కలు, హైవే పక్కన దాబాలు నడిపేవాళ్లు కూడా వచ్చారు, సంతోషం. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా 65వ నంబరు హైవే మీద బండి పడితే మొదట చెయ్యి వేసేది మీరే. మా చేతికి వచ్చేసరికి గంటో రెండో గడిచిపోతాయి, అందుకే ఐసీయూలో మేం దేనికోసం తంటాలు పడతామో మీకూ తెలియాలని ఈ నాలుగు మాటలు.

తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లకు స్కానింగ్ తీసి "మెదడు వాచింది" అంటాం. చెయ్యి వాస్తే బయటికి ఉబ్బుతుంది, పుర్రె ఎముక కదా, ఉబ్బదు. లోపల దాదాపు 80 పాళ్లు మెదడు, 10 పాళ్లు రక్తం, 10 పాళ్లు మెదడు నీరు. దసరా ముందురోజు నల్లగొండ బస్టాండులో పల్లెవెలుగు బస్సు లెక్క, ఒకరు ఎక్కాలంటే ఇంకొకరు దిగాల్సిందే. 1783లో మన్రో, 1824లో కెల్లీ చెప్పిన సూత్రం ఇదే. వాపో రక్తపు గడ్డో చోటు అడిగితే ముందు నీరు వెన్ను వైపు జరుగుతుంది, తర్వాత సిరల్లో రక్తం తగ్గుతుంది, అంతదాకా ప్రెషర్ పెద్దగా పెరగదు, మనిషి మాట్లాడతాడు, చాయ్ కూడా అడుగుతాడు. దిగేవాళ్లు అయిపోయాక మాత్రం ఇంకొంచెం రక్తం చేరినా ఒక్కసారే ఎగబాకుతుంది. "ఇప్పటిదాకా మంచిగనే ఉండె సార్" అని ఇంటివాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

కొలవాలంటే పుర్రెకు చిన్న రంధ్రం వేయాలి. మెదడు లోపలి నీటి గదిలోకి సన్నటి పైపు పంపితే ప్రెషరూ తెలుస్తుంది, ఎక్కువైతే నీరు కొంచెం బయటికి వదలొచ్చు. కానీ వాచిన మెదడులో ఆ గది నలిగిపోయి దొరకదు, ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంది. సెన్సర్ ఉన్న తీగను నేరుగా మెదడులో పెట్టడం సులువే, ఖర్చు ఎక్కువ, నీరు తీయడం కుదరదు. పైపు పెట్టినచోట మంచం ఎత్తు మార్చిన ప్రతిసారీ సున్నా గీత చెవి రంధ్రం ఎత్తులో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఆ అంకెను నమ్మి మందులు వేయడం దండగ.

పెద్దవాళ్లకు 15 లోపు మామూలు, బీపీ కొలిచే మిల్లీమీటర్లే ఇవీ. దగ్గినా కాసేపు పెరుగుతుంది, 22 దాటి అక్కడే నిలబడితే చికిత్స మొదలుపెట్టాలని 2016 నాటి బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాలు చెప్తాయి. అయితే నన్నడిగితే ఆ ఒక్క అంకె సగం కథే. సగటు బీపీలోంచి పుర్రె ప్రెషర్ తీసేయగా మిగిలేదే మెదడుకు రక్తాన్ని నెట్టే బలం, అది 60-70 మధ్య ఉండాలి. రక్తం పోయి బీపీ 90/60కి పడిపోయిందనుకోండి, సగటు 70 (కింది అంకెకు, రెండింటి తేడాలో మూడో వంతు కలపాలి). లోపల ప్రెషర్ 30 ఉంటే మిగిలేది 40. దెబ్బ తిన్న మెదడుకు ఆ రక్తం చాలదు.

అందుకే రోడ్డు మీద మీ పని ఆక్సిజన్ తగ్గకుండా, బీపీ పడకుండా చూడడం. అన్నలూ, కోప్పడకండి, 5 శాతం డెక్స్‌ట్రోజ్ బాటిల్ పెట్టకండి (షుగర్ పడిపోయి ఉంటే వేరే సంగతి), ఆ నీరు మెదడు వాపును పెంచుతుంది. డెక్సా ఇంజెక్షన్ కూడా వద్దు, అది స్టెరాయిడ్. తల దెబ్బలకు స్టెరాయిడ్ ఇచ్చి చూసిన క్రాష్ ట్రయల్‌లో 10 వేలమందికి పైగా ఉన్నారు, ఇచ్చినవాళ్లలోనే చావులు ఎక్కువని 2004లో తేలింది. నాడి నెమ్మదించి బీపీ పెరుగుతుంటే, ఒక కంటిపాప పెద్దదైతే, లోపల ప్రెషర్ మెదడు కాండం (ఊపిరినీ గుండెనూ నడిపించే భాగం) మీదికి వచ్చిందని అర్థం, దారిలోంచే ఫోన్ చేయండి.

ఇక, మా దగ్గర ఆ మీటర్ లేదు కదా, పేషెంట్‌కు అన్యాయం జరుగుతోందా అని జిల్లా ఆసుపత్రుల డాక్టర్లు అడుగుతుంటారు. బొలీవియా, ఈక్వడార్‌లలో 324 మంది మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. మీటర్ చూసి వైద్యం చేసినవాళ్లకీ, పరీక్షలూ స్కానింగ్‌లూ చూసి చేసినవాళ్లకీ ఆరు నెలల తర్వాత ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే మీటర్ దండగ అని అర్థం చేసుకున్నవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. అక్కడ మీటర్ లేనివాళ్లకూ కట్టుదిట్టమైన పద్ధతి ప్రకారమే వైద్యం జరిగింది. మన దగ్గర రాత్రి రెండింటికి కంటిపాపలు చూసి కాగితం మీద రాసే మనిషి ఉన్నారా? ముందు అది కావాలి.

ప్రెషర్ తగ్గించడానికి మేం చేసేవి ఇవి: తల వైపు మంచం 30 డిగ్రీలు ఎత్తడం, మెడ వంకర లేకుండా చూడడం, గొంతు దగ్గర ట్యూబు కట్టు వదులు చేయడం, మత్తు, మెదడులోంచి నీటిని లాగే మన్నిటాల్, 3 శాతం సెలైన్. ఇవేవీ పనిచేయకపోతే పుర్రె ఎముకలో ఒక పెద్ద ముక్క తీసి మెదడుకు చోటిస్తాం. ఇంటివాళ్లకు ఇక్కడ నిజం చెప్పాలి. 2016 నాటి రెస్క్యూ ఐసీపీ ట్రయల్‌లో ఆరు నెలలకు ఆపరేషన్ అయినవాళ్లలో 26.9 శాతం, మందులతోనే చూసినవాళ్లలో 48.9 శాతం చనిపోయారు. కానీ బతికించినవాళ్లలో తెలివి రాకుండా మంచానే ఉండిపోయినవాళ్లు కూడా పెరిగారు. సంతకం పెట్టేముందు ఈ రెండూ వినాలి.

తీసిన ఎముకను చాలాచోట్ల పొట్ట చర్మం కింద దాచి, వాపు పూర్తిగా తగ్గాక మళ్లీ తలకు అమరుస్తారు. డిశ్చార్జ్ కాగితంలో ఏ వైపు ఎముక లేదో రాసి ఉందో లేదో చూసుకోండి, ఆ వైపు పడుకోబెట్టకండి. ఎముక తిరిగి పెట్టించుకోవడానికి ఎప్పుడు రావాలో కూడా అదే కాగితం మీద రాయించుకోండి.