పట్టా కింద పిచ్

శ్రోతలకు నమస్కారం.

మా విశాఖలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ముందు పంచాంగం చూస్తారు, తరువాత ఆకాశం చూస్తారు. అక్టోబరులో అయితే ఆకాశమే ముందు. సరిగ్గా అలాంటి నెలలో, 2025లో, మహిళల క్రికెట్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు అయిదు మన ఊరికి వచ్చాయి. పెళ్ళివారు దిగకముందే విడిది ఇల్లు ఎలా ఉందో చూసి రావాలని ఇంట్లో పెద్దవాళ్ళు ఆత్రపడతారు చూడండి, నాకూ అదే పట్టుకుంది. సెప్టెంబరు చివర ఒక ఆదివారం పొద్దున్నే స్కూటర్ తీసి, ఊళ్ళో ఆట స్థలాలు చుట్టి రావడానికి బయల్దేరాను.

మొదట మున్సిపల్ స్టేడియం. ఇందిరా ప్రియదర్శిని స్టేడియం అంటే మా ఊళ్ళో కొందరు ఒక్క క్షణం ఆలోచిస్తారు గానీ, మున్సిపల్ స్టేడియం అంటే ఆటోవాళ్ళెవరైనా తీసుకెళ్తారు. ప్రపంచ కప్ జాబితాలో ఇది లేదు. అయినా ఇక్కడ ఆగకుండా ముందుకు పోవడానికి నాకు మనసొప్పలేదు. 1988 డిసెంబరులో న్యూజిలాండ్ మీద కృష్ణమాచారి శ్రీకాంత్ ఇక్కడే 70 పరుగులు కొట్టాడు. అక్కడితో ఆగక, బంతి పుచ్చుకుని అయిదు వికెట్లు కూడా తీశాడు. శ్రీకాంత్ బౌలింగ్ ఏమిటని ఇప్పటి పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. 1996 ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా తలపడింది కూడా ఈ మైదానంలోనే. మార్క్ వా సెంచరీ చేశాడు. మొత్తం అయిదు వన్డేలు చూసిన స్థలం ఇది, చివరిది 2001లో. నేను వెళ్ళేసరికి కుర్రాళ్ళు టెన్నిస్ బంతితో ఆడుకుంటున్నారు. బంతి నా కాళ్ళ దగ్గరికొస్తే తిరిగి విసిరాను. సగం దూరం కూడా పోలేదనుకోండి, అది వేరే సంగతి.

అక్కడి నుంచి పోర్టు స్టేడియానికి. ఆగస్టు 29న ప్రో కబడ్డీ పన్నెండో సీజన్ మన ఊళ్ళోనే మొదలైంది కదా. నేను వెళ్ళేటప్పటికి ఆ సందడంతా జైపూర్‌కు తరలిపోయింది. మన చెడుగుడు మట్టిలో పుట్టిన ఆట. ఇప్పుడు మగవాళ్ళకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మ్యాట్ పరిచి ఆడిస్తున్నారు. మ్యాట్ మీద చెమట పడితే కాలు జారుతుంది. అందుకే ఆట కాస్త ఆగితే చాలు, గుడ్డలు పట్టుకుని పరుగెత్తుకొచ్చి తుడుస్తారు. మన సముద్రపు ఉక్కలో ఎంత తుడవాలో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు చోటు. హైవే మీద జూ పార్కు దాటి, మధురవాడ దగ్గర పీఎం పాలెం. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన మైదానం. అదే ఇక్కడ మొదటి వన్డే. ఆ రోజు నుంచి ఊళ్ళో జులపాల జుట్టు కుర్రాళ్ళు ఎక్కువైపోయారు.

తెలిసినవారి పుణ్యమా అని గేటు లోపలికి పోనిచ్చారు. గ్యాలరీల్లో రంగులు, బోర్డులు, కుర్చీలు తుడిచే హడావిడి. అవన్నీ ఎక్కడైనా ఉండేవే. నా కళ్ళు మాత్రం వానకు అడ్డంగా కప్పిన టార్పాలిన్ పట్టాల మీదే నిలిచాయి. పిచ్ మీద ఒకటి, చుట్టూ మరికొన్ని. మైదానం పని చేసే పెద్దాయన ఒకరు అంచులు సర్దుతున్నారు.

"ఏం మావయ్యా, వాన పడదంటావా?" అన్నాను.

"మబ్బు మాట ఎవులికి తెలుసు బాబూ. పట్టా ఏస్తే పడదు, తీస్తే పడతాది," అన్నాడు.

పిచ్ అంటే 22 గజాల బంకమట్టి. తడిపి, రోలరు తిప్పి, ఆరబెట్టి, మళ్ళీ తడిపి దాన్ని గట్టిపరుస్తారు. దాని మీద చినుకు పడితే ఆ కష్టమంతా బురదపాలు. చుట్టూ ఉన్న పచ్చికది మరో లెక్క. ఇలాంటి మైదానాల్లో గడ్డి కింద ఇసుక పొర, దాని కింద గొట్టాలు ఉంటాయి. నీరు కిందికి దిగి బయటికి పోతుంది. పైన నిలిచిన నీటిని సూపర్ సాపర్ అనే స్పాంజి రోలరుతో పీల్చేస్తారు. వాన లేకపోయినా సాయంత్రానికి మంచు పడుతుంది. బంతి తడిసి బౌలర్ చేతిలోంచి సబ్బులా జారుతుంది. అప్పుడు ఇద్దరు మనుషులు పొడవాటి తాడు చెరో చివర పట్టుకుని, గడ్డి మీద ఈడ్చుకుంటూ ఆ చివరి దాకా నడుస్తారు. గడ్డి కొసల మీది మంచు రాలిపోతుంది. కోట్ల రూపాయల మైదానంలో మంచుకు మందు ఆ తాడే!

బౌండరీ తాడు కూడా లోపలికి జరుగుతుంది. మహిళల మ్యాచ్‌లో అది 60 నుంచి 70 గజాల లోపు ఉండాలి. బంతి కూడా కొంచెం తేలిక, 140 నుంచి 151 గ్రాములు. "గ్రౌండు చిన్నది చేసేశారు" అని మా వీధిలో ఒకాయన పెదవి విరిచాడు. ఆయన్ని మొదటి మ్యాచ్‌కు నాతో తీసుకెళ్ళాను.

అక్టోబరు 9, దక్షిణాఫ్రికాతో. అనుకున్నట్టే మైదానం తడిసి, ఆట ఆలస్యంగా మొదలైంది. రిచా ఘోష్ 94 కొట్టేటప్పుడు మా వీధి ఆయన కుర్చీలో కూర్చోలేదు, గ్రౌండు సైజు మాట ఎత్తలేదు. చివరికి నదీన్ డి క్లెర్క్ మ్యాచ్ లాగేసుకుంది.

తరువాతది ఆస్ట్రేలియాతో, అక్టోబరు 12న. ఆ తేదీ మా ఊరివాళ్ళకు గుర్తుండిపోయిన తేదీ. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చింది ఆ రోజే. రెండు రోజుల తరువాత, 14న, ఇక్కడ జరగాల్సిన వెస్టిండీస్ వన్డే రద్దయింది. చెట్లు కూలి, కరెంటు లేక, నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని తిరిగిన ఊళ్ళో మ్యాచ్ ఊసెవరికి? పదకొండేళ్ళకు అదే తేదీన లైట్ల వెలుగులో జనం కిటకిటలాడారు. మిథాలీ రాజ్ పేరున ఒక స్టాండు, మన ఆంధ్ర క్రికెటర్ రావి కల్పన పేరున ఒక గేటు వెలిశాయి. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి మూడు వికెట్లు తీసింది. మనవాళ్ళు 330 చేసినా ఆస్ట్రేలియా కొట్టేసింది. ఇంటికి వచ్చేటప్పుడు హైవే మీద ట్రాఫిక్‌లో ఎవరూ హారన్ కూడా గట్టిగా కొట్టలేదు. అప్పటిదాకా మహిళల వన్డేల్లో అంత పెద్ద లక్ష్యాన్ని ఎవరూ ఛేదించలేదు. పద్దెనిమిది రోజులకు నవీ ముంబైలో మన అమ్మాయిలే, అదే ఆస్ట్రేలియా మీద 339 ఛేదించి ఆ లెక్క సరిచేశారు.

విశాఖలో చివరి మ్యాచ్ 26న, ఇంగ్లండ్, న్యూజిలాండ్ మధ్య. న్యూజిలాండ్ కెప్టెన్ సోఫీ డివైన్‌కు అదే ఆఖరి వన్డే. అప్పటికే రేడియోలో తుపాను హెచ్చరికలు వస్తున్నాయి. ఆట ముగిసింది, జట్లు వెళ్ళిపోయాయి. 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. ఇక్కడ మాకు వాన దంచి కొట్టింది. కిటికీ దగ్గర కూర్చుని ఆ పెద్దాయన్నే తలుచుకున్నాను. ఆ పూట పట్టా వేసే ఉంచాడో, తీసేశాడో.