ఎర్ర రంగు పేటలు

అందరికీ నమస్కారం. బ్రహ్మపురం ఉక్కపోతలో కూర్చోబెట్టి అమెరికా ఊళ్ళ మ్యాపుల గురించి వినమంటే ఎవరికైనా చిరాకే. కానీ ఈ ఎండకీ ఆ మ్యాపులకీ లంకె ఉంది. వస్తాను అక్కడికి.

తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే వీధిలోకి నల్లవాళ్ళు కాపురానికి రాకూడదని 1910లో బాల్టిమోర్ నగరం చట్టం చేసింది. లూయివిల్ కూడా అలాంటిదే చేస్తే 1917లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గొడవ తీరిందా అంటే, లేదు. ఊరి ప్లాను రాసేవాళ్ళు జాతి మాట ఎత్తడం మానేశారు, అంతే. ఈ పేటలో స్థలం ఇంతకన్నా చిన్నది ఉండకూడదు, ఒక స్థలంలో ఒకే కుటుంబానికి ఇల్లు కట్టాలి అని రాసుకున్నారు. కాగితం మీద వంక పెట్టడానికేం లేదు. పెద్ద స్థలం కొనలేని మనిషి ఎవరో మాత్రం అందరికీ తెలుసు. ఫ్యాక్టరీలకీ గోదాములకీ చాలా ఊళ్ళలో నల్లవాళ్ళ పేటల పక్కనే చోటు దొరికింది.

1930ల్లో ప్రభుత్వ గృహరుణ సంస్థ రెండు వందల పైచిలుకు నగరాలకు మ్యాపులు గీయించింది. అప్పు ఇవ్వడానికి ఏ పేట మంచిదో రంగుల్లో చెప్పాలి: అన్నిటికన్నా మంచిది ఆకుపచ్చ, తర్వాత నీలం, పసుపు, అప్పుకి పనికిరానిది ఎరుపు. పేటలో నల్లవాళ్ళున్నారా అని ఫారంలో ఒక గడే ఉండేది. ఉన్నారంటే దాదాపు ఖాయంగా ఎరుపే. పాపమంతా ఆ మ్యాపులదే అనను. ఇంటి అప్పులకు పూచీ ఇచ్చే ఫెడరల్ సంస్థదీ అదే వరస. 1968లో చట్టం ఇళ్ళ విషయంలో, అప్పుల విషయంలో ఈ జాతి వివక్షను నిషేధించింది. సరే, తాత కొనలేకపోయిన ఇల్లు మనవడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక ఎండ సంగతి. 108 నగరాల్లో వేసవి వేడిని లెక్కగట్టి 2020లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ పాత ఎర్ర పేటలు మిగతా వాటికన్నా సగటున 2.6 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నాయట. చెట్లు తక్కువ, తారూ కాంక్రీటూ ఎక్కువ.

కులమూ జాతీ ఒకటి కాదు, ఆ చర్చ ఇంకోరోజు పెట్టుకుందాం. పని జరిగే తీరు చూడండి చాలు. మున్సిపాలిటీ ఊడ్పు పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఒడిశా పట్నాల్లో స్థిరపడిన మన రెల్లి కుటుంబాల వీధులకు వెళ్ళండి. పట్టా ఉందా అని అడగండి. ప్లానులో ఆ చోటు నివాసమని ఉందో, కాలవ గట్టని ఉందో చూడండి. కాలవ గట్టని ఉంటే తరాల నాటి ఇల్లు కూడా ఆక్రమణే. రోడ్డు వెడల్పు చేయాలంటే ముందు ఆ తలుపే తడతారు, పట్టా లేనివాడికి పరిహారం ఎగ్గొట్టడం సులువు గనక. ఇందులో ఎవరూ కులం పేరు పలకక్కర్లేదు.

పట్టణాభివృద్ధి సంస్థల కోసం చేసిన 1982 నాటి ఒడిశా చట్టం ప్రకారం ముసాయిదా ప్లానును జనం ముందు పెట్టి అభ్యంతరాలు అడగాలి. నోటీసు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కాబట్టి ఒడియా చదవగలిగిన కుర్రాళ్ళు మీటింగ్ అయ్యాక ఒక్క పది నిమిషాలు ఆగండి. వీధికి ఇద్దరు చొప్పున కావాలి, ప్లాట్ నంబర్లు రాసుకోవడానికి.