మీ ఫోటోల తనిఖీ ఫోన్‌లోనా, సర్వర్‌లోనా?

తెర మీద: ఫోన్, పైన సర్వర్, మధ్యలో బాణం.

గొంతు: పర్లాకిమిడిలో పసిబిడ్డకి తొడ సందున పొక్కులు లేచాయి. శ్రీకాకుళం బస్సెక్కే ముందే డాక్టరుగారు "ఓ ఫోటో పెట్టండమ్మా" అంటారు. సరిహద్దు ఊళ్లలో మామూలే. వాట్సాప్‌లో అది ఆయనకి తప్ప ఎవరికీ కనబడదు. కానీ కెమెరాతో తీశారు కాబట్టి, బ్యాకప్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఫోటోస్‌కీ ఎక్కుతుంది. పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రాల కోసం తనిఖీ జరిగేది అక్కడ.

అది రెండు రకాలు. అలాంటి చిత్రాలుగా ముందే తేలినవాటి హ్యాష్‌లతో, అంటే ఫోటో నుంచి లెక్కగట్టిన వేలిముద్రలాంటి అంకెలతో, మీ ఫోటో హ్యాష్‌ని పోల్చడం ఒకటి. మైక్రోసాఫ్ట్ 2009లో తెచ్చిన ఫోటోడీఎన్‌ఏ పని ఇదే. ఇప్పుడే తీసిన ఫోటో దీనికి దాదాపు చిక్కదు. రెండోది ఏఐ: ఎన్నడూ చూడని ఫోటోనీ అనుమానిస్తుంది. చిక్కంతా దీంతోనే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి 2021లో డాక్టరు కోసం కొడుకు ఫోటో తీస్తే గూగుల్ ఖాతా మూతపడింది. పోలీసులు నేరం లేదని తేల్చినా ఖాతా తిరిగివ్వలేదు.

తెర మీద: బాణం చెరిగి, భూతద్దం ఫోన్‌లోకి దిగుతుంది.

గొంతు: 2021 ఆగస్టులో ఆపిల్ ఈ పోలికను ఫోన్‌లోనే చేస్తామంది. ఆపిల్ ఆన్‌లైన్ నిల్వ ఐక్లౌడ్‌కి ఎక్కే ఫోటోలే, అదీ సుమారు 30 సరిపోలితేనే ఆపిల్ మనిషి చూస్తాడు. ఆ నెలలోనే పరిశోధకులు రెండు వేర్వేరు బొమ్మలకి ఒకే హ్యాష్ రప్పించారు, అంటే తప్పుడు పోలిక సాధ్యమే. మాకు అంతకన్నా పెద్ద అభ్యంతరం ఆ హ్యాష్‌ల జాబితా మీద. అందులో ఏముందో ఫోన్ యజమాని చూడలేడు. రేపు ఏ ప్రభుత్వమో నిరసన పోస్టర్ చేర్చమంటే ఆపేదెవరు? 2022 డిసెంబరులో ఆపిల్ ఆ పథకాన్ని వదిలేసింది.

తెర మీద: గూగుల్ ఫోటోస్ సెట్టింగ్స్.

గొంతు: ఫోటో తీయకముందే బ్యాకప్ ఆపండి. తీసి పంపాక డిలీట్ చేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి. బ్యాకప్ అయిన ఫోటో అందులో 60 రోజులుంటుంది. ఆ తర్వాతే బ్యాకప్ మళ్లీ ఆన్ చేయండి, లేదంటే గ్యాలరీలో మిగిలింది ఎక్కేస్తుంది. 'డివైస్ ఫోల్డర్స్'లో వాట్సాప్ ఇమేజెస్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. గ్రూపుల్లో వచ్చిపడే చెత్తంతా మీ ఖాతాలోకి చేరేది ఆ దారినే.

వాట్సాప్ చాట్ బ్యాకప్ వేరే సంగతి. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మీ పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని తాళం) పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. అది పోతే పాత చాట్‌లు వాట్సాప్ కూడా తెరవలేదు.